గాసుతో నడిచే బండి

తెల్లవారి చర్చి గంట మోగుతుండగా బాలలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం అందుకుంది. ముందురోజు సాయంత్రం పడిన అకాల వానకు కట్టెలు చెమ్మగిల్లాయి. ఊదితే పొగ వస్తున్నది గానీ మంట రావడం లేదు. పక్కన గోడవారగా రెండు కళ్ల గ్యాసు పొయ్యి ఒకటి, నెత్తిన తెల్లగుడ్డ కప్పుకుని, పుట్టింటికి పంపని కొత్త కోడలిలా మూతి ముడుచుకుని కూర్చుంది.

ఆ పొయ్యి వెలిగింది పన్నెండు రోజులే. బాలలక్ష్మి తమ్ముడు ప్రభాకర్‌కు హైదరాబాదులో ఫ్యాక్టరీ పని. తన పేరు మీద వచ్చిన గ్యాసును తాను వాడుకోకుండా, తెలిసిన లారీలో వేసుకుని మెదక్ తెచ్చాడు. "దవాఖానల డాక్టరమ్మ ఏమన్నదో మర్చిపోయినవా అక్కా? పొగల కూసుంటే కండ్లు దక్కయన్నది," అంటూ తన చేతులతో పొయ్యి బిగించి, బావకు మంట చూపించి, ఎండాకాలం సెలవులకు మేనగోడలిని, మేనల్లుడిని వెంటబెట్టుకుని పోయాడు.

వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి చూశారు. పొయ్యి కంటి చుట్టూ శంకుపూలు గుచ్చినట్టు నీలం మంట. పొగ లేదు, మసి లేదు, ఊదే పని లేదు. బాలలక్ష్మి ఆ పన్నెండు రోజులూ అవసరం లేకపోయినా రెండుసార్లు చాయ పెట్టింది. వండేటప్పుడు కూనిరాగం తీసింది. ఆమె మొగుడు గాలయ్య గడప మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ మంటనే చూస్తూ ఉండేవాడు. తన సుఖం చూసి మురిసిపోతున్నాడనుకుంది ఆమె. పదమూడో రోజు తెలిసింది, ఆ మనిషి చూస్తున్నది మంటలో వంటను కాదు, ఇంజనును.

గాలయ్యకు ఉన్నది ఒక్క జీపు. మిలట్రీ వాళ్ల వేలంలో కొన్నది. ముందు చక్రాలూ వెనక చక్రాలూ కలిసి గుంజే బండి కాబట్టి, బస్సులు ఆగిపోయే వానాకాలంలో కూడా శంకరంపేట, శివ్వంపేట పల్లెల బురదల్లోకి దున్నపోతులా దిగి పైకి వచ్చేది. పెళ్లివాళ్లూ, ఆఫీసర్లూ, జబ్బు మనుషులూ అందరూ అతని కిరాయిలే. కానీ బండికి తాగుడు ఎక్కువ. ఎక్కడో అరబ్బు దేశంలో ఎవరో కుళాయి కట్టేస్తే, ఇక్కడ మెదక్‌లో గాలయ్య జీపు వాకిట్లో నిలబడిపోయింది. పెట్రోలు ధర వింటేనే కిరాయికి వచ్చినవాళ్లు చెప్పులేసుకుని వెళ్లిపోతున్నారు.

"ఒక్క నెల బాలా," అన్నాడు ఆ పదమూడో రోజు. "ఏవో దేశాలల్ల మోటర్లు గాసు మీద నడుస్తయని లారీ డ్రైవర్లు చెప్పంగ విన్న. మంట మండేదైతే ఇంజన్ల గుడ మండుతది. గిది కుదిరితే నీకు ఇంకో బుడ్డి తెచ్చిస్త. కుదరకుంటె బండి అమ్ముకునుడే."

జీపు అమ్మితే గాలయ్య ఏమవుతాడో ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో పరాయి లారీల మీద క్లీనరుగా తిరిగి, తిట్లు తిని, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునే మనిషిని చూసింది. అందుకే ఊరంతా బుడ్డి అంటున్న ఆ సిలిండరుకున్న గొట్టాన్ని తానే ఊడదీసింది. నవ్వుతూనే ఇచ్చింది. ఆ నవ్వు కింద ఏముందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

బుడ్డి ఇల్లు దాటింది. ఊదుగొట్టం మళ్లీ చేతికొచ్చింది.

చౌరస్తా పక్క సందులో రషీద్ వెల్డింగు పని చేస్తాడు. గాలయ్యకు చిన్ననాటి దోస్తు. ఇద్దరికీ ఇరవై రోజులు తిండి మీద ధ్యాస లేదు. చదివి నేర్చుకుందామంటే పుస్తకం లేదు, అడుగుదామంటే చేసినవాడు లేడు. పొయ్యితో వచ్చిన రెగ్యులేటరు బిళ్ల చీమ ఆకలికి సరిపోయే గ్యాసు ఇస్తుంది, ఇంజనుది ఏనుగు ఆకలి. రషీద్ తన వెల్డింగు సామానులోని పెద్ద బిళ్ల ఊడదీసి ఇచ్చాడు. ఇంజను గాలి పీల్చే నోటి దగ్గర ఇత్తడి కడియం ఒకటి అమర్చి, దాని లోపలివైపు సన్నని రంధ్రాలు చేశారు. గాలితో పాటు గ్యాసు ఆ రంధ్రాల్లోంచి లోపలికి పోవాలి. అయితే ఇంజను పీల్చినప్పుడే గ్యాసు రావాలి, పీల్చనప్పుడు ఆగిపోవాలి. ఆ ఒక్క పని కోసం లారీ ట్యూబు రబ్బరును గుండ్రంగా కోసి, రెండు డబ్బా మూతల మధ్య బిగించి, పసిపిల్ల గుండెలా అది ఎగిసిపడుతుందో లేదోనని గంటల తరబడి చూస్తూ కూర్చున్నారు.

మొదటిసారి ముట్టించినప్పుడు ఇంజను నడవలేదు, తుమ్మింది. ఆ తుమ్ముకు రషీద్ టోపీ షెడ్డు రేకుల దాకా ఎగిరింది, గాలయ్య కనుబొమలు కాలిపోయాయి.

"గిదేం మొఖమయ్యా!" అంది బాలలక్ష్మి, అతను ఇంటికొచ్చాక. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కనుబొమ్మలు యాడ వోయినయి?"

"మల్ల వస్తయి తియ్యి. కోస్తె మల్ల మొలిచే పంటే గద," అన్నాడతను, కళ్లు మెరుస్తూ.

అరుగు మీద వక్క కొరుకుతున్న కిష్టవ్వ కొడుకు వంక తేరిపార చూసింది. డెబ్బై దాటిన మనిషి. వినికిడి బాగానే ఉంది. తనకు కావలసినవే వింటుందని కోడలి ఫిర్యాదు.

"ఏం రా గాలీ, బండి ఇగ గాసుతోటి నడుస్తదా?"

"నడుస్తదవ్వా. జర పెట్రోలుతోటి మొదలువెట్టి, ఎనుక గాసు మీదికి మార్చుడే."

"మరి గాసు మస్తు కావాలె గద?"

"మస్తు కావాలె. గదే పరేషాన్. ఉన్నది ఒక్కటే బుడ్డి. గాసు ఒడిసిందంటె బండి ఆగుతది."

కిష్టవ్వ "ఊఁ" అని ఇంకో వక్క నోట్లో వేసుకుంది.

ఆ రోజు నుంచి ఆమె పద్ధతి మారింది. పొద్దు గుంకకముందే అన్నం పెట్టమని అడిగి తినేస్తుంది. చీకటి పడే వేళకు తన అర్రలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంటుంది.

"అత్తా, దీపం ముట్టియ్యనా?" అని గడప దగ్గర నిలబడి బాలలక్ష్మి అడిగితే, "ఎందుకు బిడ్డా, నా అర్ర నాకెరుక లేదా?" అంటుంది. రెండో వారంలో ఒక సాయంత్రం గడప తగిలి పడి మోకాలి కింద చీరుకుపోయింది. పసుపు అద్దుతూ బాలలక్ష్మి మందలించింది. "గందుకే దీపం పెట్టుకోమనేది. ఎవరి మీద కోపం నీకు?" కిష్టవ్వ కోడలి తల నిమిరింది. గ్యాసు పొయ్యి పోయినందుకు తనలాగే అత్తకూ మనసు నొచ్చిందనుకుంది బాలలక్ష్మి. పొద్దున లేస్తూనే చాయ అందేది కదా మరి.

ఒక ఆదివారం చర్చి విడిచిన వేళకు జీపు నడిచింది. ఖిల్లా కింద బాట వెంట, చింతల నీడలో నిద్రలో నడుస్తున్న మనిషిలా మెత్తగా సాగింది. గాలయ్య ఇంటికి వచ్చేసరికి నేల మీద కాళ్లు ఆనడం లేదు. తిన్నగా వంటింట్లోకి వచ్చి చెప్పాడు.

"చప్పుడు లేదే బాలా! గుంజుతుంటె గాలి మీద పోయినట్టున్నది. ఎనుకకు మర్రి చూస్తే పొగ గుడ లేదు!"

బాలలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుని ఊదుగొట్టం పక్కన పెట్టింది. "గదెట్లుంటది? పొగంత నా దగ్గర వెట్టి పోయినవ్ గద."

అతను పకపకా నవ్వాడు. అది నవ్వవలసిన మాట కాదని ఆమెకు మాత్రమే తెలుసు.

ఆ మాట ఊరంతా పాకింది. గాలయ్య జీపు పెట్రోలు తాగడం మానేసిందని విని కాలువ పనుల కంట్రాక్టరు జయానందం కబురు పంపాడు. వానాకాలం నాలుగు నెలలూ పనులు చూసుకోవడానికి ఆయనకు బండి కావాలి. గురువారం ఒకసారి శంకరంపేట దాకా పోయి వద్దాం, బండి నచ్చితే ఖాయం చేసుకుంటానన్నాడు. ఆ కిరాయి కుదిరితే జీపు ఇంట్లో ఉంటుంది. కుదరకపోతే, తూప్రాన్‌లో ఒకరు బేరానికి సిద్ధంగా ఉన్నారు.

గురువారం తెల్లవారుజామున గాలయ్య ఉతికిన అంగీ వేసుకుని బయటికి వచ్చేసరికి కిష్టవ్వ జీపు దగ్గర నిలబడి, బిడ్డ వీపు నిమిరినట్టు బానెట్ నిమురుతున్నది.

"పో బిడ్డా, నిండుగ పో. ఏం కాదు," అంది.

బాలలక్ష్మి సద్ది కట్టి ఇస్తూ అడగకుండా ఉండలేకపోయింది. "రేపటికి నెల నిండుతది. యాదికున్నదా?"

గాలయ్య మొహం చిట్లించాడు. "పొయ్యేటప్పుడు ఎనుకకెల్లి పిలుస్తరా? వచ్చినంక మాట్లాడుకుందాం."

ఇంజను మొదలైంది. గ్యాసు మీదికి మారగానే దాని గొంతు మెత్తబడింది. మలుపు తిరిగే దాకా ఆమె వాకిట్లోనే నిలబడింది. కోపం ఉంది. అయినా కుదరాలి దేవుడా అని మొక్కుకుంది.

పగటి పొద్దు వాలుతుండగా వీధి చివర గోల వినిపించింది. బాలలక్ష్మి గడపలోకి వచ్చి చూసింది. ముందు ఒక ఎడ్లబండి వస్తున్నది. దాని వెనక, మోకుతో కట్టిన జీపు, నోరు కట్టేసిన దూడలా తల వంచుకుని వస్తున్నది. స్టీరింగు పట్టుకున్న గాలయ్య ఎవరి వంకా చూడడం లేదు.

"గాలన్నా, గ్యాస్ బండి అంటివి, ఘాస్ బండి చేస్తివి గద!" అని అరిచాడు సైకిలు దుకాణం దగ్గర ఒకడు. ఉర్దూలో ఘాస్ అంటే గడ్డి. "ముంగటున్న ఇంజన్లకు గింత గడ్డెయ్యి, మంచిగ గుంజినయ్!"

వీధి వీధంతా నవ్వింది.

జరిగింది ఇది. శంకరంపేట దాకా జీపు పువ్వులా పోయింది. జయానందం కాలువ చూసుకుని వచ్చి కూర్చున్నాక, మళ్లీ ముట్టించడానికి గాలయ్య పెట్రోలు కుళాయి తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ ఊరంత వదిలి ఆగిపోయింది. మళ్లీ ఎంత తిప్పినా పలకలేదు. జయానందం పొగలోంచి దగ్గుతూ దిగి, ఒక్క మాటా అనకుండా రోడ్డు మీదికి పోయి బస్సెక్కాడు. తిట్టినా బాగుండేది.

కబురు తెలిసి రషీద్ గాలయ్య ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. సీటు కింద టాంకీ నుంచి గొట్టం ఊడదీసి, కొంచెం అరచేతిలో పట్టి వాసన చూశాడు. వేళ్లతో రుద్దాడు.

"గాలన్నా, మన పనిల తప్పు లేదు. గిది పెట్రోల్ కాదు భాయ్. గాసు నూనె కలిసింది. పొద్దుగాల గొట్టంల మిగిలిన పెట్రోలుతోటి మొదలైంది, అంతే."

గాసు నూనె అంటే కిరసనాయిలు. కందిలిలో పోసుకునేది. గాలయ్య లేచి నిలబడ్డాడు. పొద్దున్నుంచి ఎండలో, నవ్వుల్లో నడిచొచ్చిన మొహం నల్లబడిపోయింది. గడపలో నిలబడ్డ పెళ్లాం వైపు తిరిగాడు.

"ఇంట్ల నూనె సీసాలు ఎవరి చేతులల్ల ఉంటయే?"

"నా చేతులల్లనే. ఎందుకు?"

"రేపటితోటి నెల నిండుతదని యాది జేస్తివి గద పొద్దున. బండి ఆగిపోతే బుడ్డి నీ పొయ్యి కాడికి వస్తదని పోసినవ్. అవునా కాదా?"

బాలలక్ష్మికి ముందు మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు దులిపి నడుముకు చుట్టింది.

"గాలన్నా, జబాన్ సంభాలో, నోరు జాగ్రత్త," అన్నాడు రషీద్ నెమ్మదిగా. "బాలక్క గట్ల జేస్తదా?"

"నువ్వు ఆగు రషీద్. టాంకీ నా సీటు కింద ఉన్నది. ఇంటి మనిషి కాకుంటె ఎవడు పోస్తడు? నా బండిని నడిబజార్ల ఎడ్లతోటి గుంజిచ్చింది. ఏమే, కడుపు సల్లగైందా?"

బాలలక్ష్మి లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నారు. రెండు చేతులా గ్యాసు పొయ్యి ఎత్తుకుని బయటికి వచ్చింది. తెల్లగుడ్డ జారి వాకిట్లో పడింది. పొయ్యిని తెచ్చి జీపు బానెట్ మీద పెట్టింది.

"గిది గుడ తీస్కపో. ఇత్తడి ఉన్నది, గొట్టాలున్నయి, నీ ఇంజన్ల దేనికన్న పనికొస్తది." రెండు చేతులూ చాపి చూపించింది. "బుడ్డి నా చేతులతోటి ఇప్పి ఇచ్చిన. ఇచ్చిన చేతులతోటే నూనె పోస్తనా? నెల దినాల సంది గొట్టం ఊదుతున్న, ఒక్కనాడన్న ఇయ్యి అన్ననా? రేపు పొద్దుగాల బస్సుకు మా తమ్మునింటికి పోత. ఇగ ఈ పొయ్యి కాడ ఎవరు కూసుంటరో నువ్వే చూస్కో."

గాలయ్య పొయ్యిని బానెట్ మీంచి దించబోయాడు.

"ఎందుకు రా గీ లొల్లి?"

అర్రలోంచి కిష్టవ్వ గోడ పట్టుకుంటూ వచ్చింది. రెండో చేతిలో ఒక సీసా, దాని మూతికి గుడ్డముక్క కుక్కి ఉంది. కొడుకునూ, కోడలినీ, రషీద్‌నూ మార్చి మార్చి చూసింది.

"బండి ఆగిందంట గద. సాల్లేదా బిడ్డా? ఇగో, ఇంకో సీసా ఉన్నది. ఉన్నయన్ని పొద్దుగాల పోసేస్తె ఎట్లనని గిది ఆపిన. నాదే తప్పు. గిది గుడ పొయ్యి."

రషీద్ వంగి ఆ సీసా మూతి వాసన చూశాడు.

"నువ్వు పోసినవా అవ్వా?" అన్నాడు గాలయ్య.

"నేను గాక ఎవరు పోస్తరు? గాసు ఒడిస్తె బండి ఆగుతదంటివి. ఉన్నది ఒక్కటే బుడ్డి అంటివి. నాకు కోడలు వారానికో సీసా ఇస్తది గద దీపానికి, గది దాసిన. పక్కింటామెకు కోడిగుడ్లిచ్చి ఇంకో రెండు తెచ్చిన. ఆ ఇనుప బుడ్డిల పోద్దామంటె దాని మూతి దొరకలే. గందుకని నువ్వు పెట్రోలు పోసే మూతి తీసి పోసిన. పొల్లు పోనియ్యలే రా, గరాటు వెట్టి పోసిన."

ఆమె గొంతులో తప్పు చేసిన జంకు లేదు. కొడుక్కు ఒక పూట సాయం పట్టిన గర్వం, అది చాలలేదేమోనన్న బెంగ, అంతే. ఆమె పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఇంట్లో గాసు అంటే దీపంలో పోసే నూనే, బుడ్డి అంటే ఆ దీపమే. కొత్తగా వచ్చిన వస్తువుకు పాత పేరు పెట్టుకున్నది ఆమె కాదు, ఊరు. ఆమె దాన్ని నమ్మింది, అంతే.

బాలలక్ష్మి కళ్ల ముందు చీకటి అర్ర మెదిలింది. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, మోకాలి కింద పసుపు అద్దిన గాయం. తల నిమిరిన చెయ్యి. ఆమె మెల్లగా వెళ్లి అత్త చేతిలోని సీసా అందుకుంది.

రషీద్ టోపీ తీసి మొహం తుడుచుకుంటున్నట్టు అటు తిరిగాడు. గాలయ్య అరుగు మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎందుకేడుస్తున్నవ్ రా? ఏమన్న తప్పు జేసిన్నా? సాల్లేదా?"

"సాలిందవ్వా," అన్నాడతను, తల్లి కొంగు పట్టుకుని. "సాలింది. ఎక్కువైంది."

కాసేపటికి రషీద్ టాంకీ ఖాళీ చేసే పనిలో పడ్డాడు. కిష్టవ్వ అరుగు మీద కూర్చుని చాయ కావాలంది. ఎప్పుడూ ఆ వేళకు అడిగే మాటే. బాలలక్ష్మి కదల్లేదు. స్తంభానికి ఆనుకుని వీధి వంక చూస్తూ ఉండిపోయింది. గాలయ్య లేచి తానే వంటింట్లోకి పోయాడు.

కట్టెలు పేర్చిన చప్పుడు వినిపించింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, ఆరిపోయిన పుల్లను విసిరేసిన చప్పుడు, మళ్లీ గీసిన చప్పుడు. తర్వాత దగ్గు. కాసేపటికి వంటింటి తలుపులోంచి పొగ వాకిట్లోకి వచ్చింది. దగ్గు ఆగలేదు. చాయ మాత్రం రాలేదు. చాలాసేపటికి బాలలక్ష్మి వెళ్లి గడపలో నిలబడింది. ఇంజనుల కడుపులు కోసి కుట్టే మనిషి, మూడు కట్టెల ముందు మోకాళ్ల మీద కూర్చుని, కాలిన కనుబొమల కింద ఎర్రటి కళ్లతో, గుడ్డివాడిలా తడుముకుంటున్నాడు.

"గొట్టం గట్ల పట్టరు. జర వంచాలె."

అతను వంచి ఊదాడు. బూడిద ఎగిరి మొహాన పడింది.

"రోజు ఎన్నిసార్లు గిట్ల ఊదుతవే?" అన్నాడు, చూపు ఎత్తకుండానే.

"ఎన్నడు లెక్కవెట్టలే."

"నేను మంటనే చూసిన. పొగ చూడలే." కళ్లు తుడుచుకున్నాడు. అది పొగ నీరో మరొకటో అతనికే తెలియదు. "నిన్ను ఇంత మాట అన్న నోరు పడిపోను. బుడ్డి తెచ్చి పెడత. బండి అమ్ముదాం. పోవద్దు బాలా."

ఇన్నేళ్లలో అతను ఆమెను ఏదైనా వద్దని బతిమాలడం అదే మొదలు. బాలలక్ష్మి వచ్చి పక్కన కూర్చుంది. గొట్టం అతని చేతిలోంచి తీసుకుని ఒక్కసారి ఊదింది. మంట లేచింది.

"బండి ఎందుకు అమ్ముడు? అవ్వ ఇన్ని దినాలు చీకట్ల కూసున్నది, అమ్ముడానికా?" అంది. "బుడ్డిని ఇద్దరం కలిసి వాడుకుందాం. పొద్దుగాల వంటయ్యే దాక నా పొయ్యికి. వంటయినంక నీ ఇంజన్‌కు. నువ్వే మోసుకొచ్చి బిగియ్యాలె, నువ్వే ఇప్పి తీస్కపోవాలె."

"రోజు?"

"రోజు. ఇంజన్‌కు కనుబొమ్మలే ఇస్తివి. నాకు రెక్కల కష్టం ఇయ్యలేవా?"

గాలయ్య నవ్వబోయి దగ్గాడు. "మరి పొద్దుగాల బస్సు?"

"ఇంట్ల జీపు వెట్టుకుని బస్సెందుకు ఎక్కుత?" ఆమె చాయ గిన్నె పొయ్యి మీదికి ఎత్తింది. "మెదక్‌ల అందరు ఎక్కిండ్రు నీ జీపు. నన్ను ఎన్నడన్న ఎక్కిచ్చినవా?"

మర్నాడు పొద్దున బుడ్డి ముందు వంటింట్లోకి వచ్చింది. నీలం మంట మీద జొన్న గటక ఉడికింది, చాయ కాగింది. తర్వాత గాలయ్య దాన్ని భుజాన వేసుకుని తీసుకుపోయి జీపు వెనక బిగించాడు. బాలలక్ష్మి ముందు సీట్లో కూర్చుంది. కిష్టవ్వ ఎవరు వద్దన్నా వినకుండా వెనక ఎక్కింది. "తప్పు నాది. ఆ కంట్రాక్టరుకు నేనే చెప్త," అంది.

శంకరంపేట బాటలో కాలువ గట్టు మీద జయానందం కూలీలతో నిలబడి ఉన్నాడు. కిష్టవ్వ దిగి, చేతులు తిప్పుకుంటూ, గరాటు సంగతి కూడా వదలకుండా మొత్తం చెప్పింది. "మా కోడలు పోయలే, మా కొడుకు పోయలే, బండి తప్పు అసలే లేదు. పటేలా, నాకు తెల్వకనే పోసిన. ఇప్పుడు మల్ల ఎక్కి చూడుండ్రి." జయానందం నవ్వాపుకోలేక కాలువ గట్టునే కూర్చుండిపోయాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "మా యమ్మ ఉంటే గిట్లనే జేసేది," అన్నాడు. లేచి బట్టల మట్టి దులుపుకున్నాడు. తర్వాత, "సోమారం నుంచి రా గాలయ్యా. టాంకీకి తాళం వేసుకొని రా," అన్నాడు.

తిరుగు దారిలో రాత్రి పడిన వానకు బాట దుమ్ము అణిగి ఉంది. జీపు చప్పుడు లేకుండా సాగుతుంటే, రెండు వైపులా దున్నిన చెలకలే కదిలిపోతున్నట్టూ, తాము ముగ్గురూ ఎక్కడో పడవలో కూర్చున్నట్టూ ఉంది బాలలక్ష్మికి. మేకలు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. ఇన్నేళ్లుగా గాలయ్య ఏ లోకంలో తిరిగి ఇంటికొస్తున్నాడో ఆమెకు ఇప్పుడు కనిపించింది. ఇంత మెత్తగా ఉంటుందా ఆ లోకం అనుకుంది.

"ఓ గాలీ! బండి ఆపు రా!"

గాలయ్య ఉలిక్కిపడి ఆపాడు. వెనక కిష్టవ్వ బుడ్డి మీద రెండు చేతులూ ఆనించి, కళ్లింత చేసుకుని చూస్తున్నది. బుడ్డి కింది సగం తెల్లగా, ఉప్పు చల్లినట్టు మంచు పట్టి ఉంది. మే నెల ఎండలో దాని మీంచి సన్నగా చెమ్మ జారుతున్నది.

"వడగండ్ల లెక్క సల్లగున్నది రా! గిదేంది?"

"గాసు గట్లనే అవ్వా. లోపల నీళ్ల లెక్క ఉంటది. బండి గుంజేకొద్ది గాలై బయటికి పోతది. పోయేటప్పుడు బుడ్డిల ఏడి గుడ గుంజుకపోతది."

"అగ్గయ్యేది గింత సల్లగుంటదా?" కిష్టవ్వ తడిసిన తన అరచేతులు చూసుకుంది. "అయితే గిది దీపంల నూనె కాదన్నట్టు."

"కాదవ్వా."

"ముందుగాల చెప్పొద్దా మరి, మొద్దు ముండాకొడకా."

గాలయ్య స్టీరింగు మీద తల వాల్చి నవ్వసాగాడు. బాలలక్ష్మి కూడా నవ్వబోయింది. ఇంతలో వెనక నుంచి రెండు ముడతల చేతులు వచ్చాయి. మంచు తుడిచి తెచ్చిన ఆ తడి అరచేతులు, పొగకు ఎర్రబడ్డ ఆమె కళ్ల మీద మెల్లగా ఆనుకున్నాయి.

"జర గట్లనే ఉండు బిడ్డా," అంది కిష్టవ్వ. "మంట తగ్గనియ్యి."